పోర్ట్ ఎంతో సర్వర్‌నే చెప్పనివ్వండి

టెస్ట్ ఆటోమేషన్ ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలామందికి ఒక అలవాటు అంటుకుంటుంది. పైప్‌లైన్ ఎర్రబడుతుంది. లాగ్ తెరిస్తే చివర్లో "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అని కనబడుతుంది. పక్క సీటాయన తల తిప్పకుండానే "ఏం కాదులే, మళ్లీ రన్ కొట్టు" అంటాడు. కొడితే ఈసారి పచ్చబడుతుంది. అందరూ టీకి లేస్తారు.

ఆ పచ్చరంగు మనకేమీ నేర్పలేదు. మొదట ఎందుకు పడిపోయిందో తెలియదు, రెండోసారి ఎలా నిలబడిందో అంతకన్నా తెలియదు. ఇలా పదిసార్లు జరిగాక టీమ్‌లో ఎరుపుకు విలువ పోతుంది. ఆ తర్వాత నిజమైన బగ్ వచ్చి బిల్డ్ పడిపోయినా, దాన్ని కూడా మళ్లీ రన్ కొట్టి దాటేస్తారు. టెస్ట్ ఇంజినీరుకు ఇంతకంటే పెద్ద నష్టం ఉండదు. "ఇది పని చేయడం లేదు" అని మీరంటే నలుగురు ఆగి వినాలి. మీ వృత్తి అంతా ఆ నమ్మకం మీదే నిలిచి ఉంది.

బాలాపూర్, మీర్‌పేట, కొత్తపేట వైపు ఇళ్లనుంచి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లనుంచి బయల్దేరి, ఎల్బీనగర్ లైన్ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం దాకా వెళ్లే పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఈ అధ్యాయం రాస్తున్నాను. జావా, సెలీనియం, పైథాన్ నేర్చుకున్నారు. బ్రౌజర్లో బటన్ ఎలా వెతకాలో, ఎలా నొక్కాలో బాగా తెలుసు. కానీ ఇంటిగ్రేషన్ టెస్ట్ అంటే బటన్ నొక్కడానికి ముందే సర్వర్‌ను మీరే లేపాలి, అది ఎక్కడ కూర్చుందో కనుక్కోవాలి, పనైపోయాక దించేయాలి. ఈ మధ్య మెట్టు, అంటే సర్వర్ ఏ పోర్ట్ మీద లేచిందో లాగ్ చదివి పట్టుకోవడం, చూడటానికి చిన్నది. మీ టెస్టుల నమ్మకం ఎక్కువగా జారిపోయేది కూడా ఇక్కడే.

8080 మీద పంతం ఎందుకు

పోర్ట్ నంబరుకు 16 బిట్లు ఉంటాయి. అందుకే అది 0 నుంచి 65535 వరకే. ఏ సేవ ఏ నంబరు మీద ఉండాలో ముందే ఒప్పుకోవాలన్న ఆలోచన ఇంటర్నెట్ కన్నా పాతది. 1972 మే నెలలో జాన్ పోస్టెల్ ఆర్పానెట్ కోసం రాసిన 349వ ఆర్ఎఫ్‌సీలో, ఈ నంబర్లు పంచే బాధ్యత ఒక మనిషికి అప్పగించాలని, కావాలంటే ఆ మనిషి తానే అవుతానని ప్రతిపాదించాడు. 1995 జులైలో టాటు యులోనెన్ తన ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ కోసం 22 నంబరు అడిగి తెచ్చుకున్నాడు. పోస్ట్‌గ్రెస్‌కు 5432, రెడిస్‌కు 6379, మైఎస్‌క్యూఎల్‌కు 3306 ఇలాగే స్థిరపడ్డాయి. ముక్కూమొహం తెలియని క్లయింట్ కూడా వెతుక్కోకుండా రాగలగాలి కాబట్టి అలాంటి సేవలకు స్థిరమైన నంబరు కావాలి.

మీ టెస్ట్ సర్వర్ దగ్గరికి తెలియనివాళ్లు ఎవరూ రారు. వచ్చేది మీ టెస్ట్ ఒక్కటే. దానికి 8080 అనే పంతం అనవసరం. పంతం పట్టారా, ఒకే బిల్డ్ మెషీన్ మీద మీ బ్రాంచ్ బిల్డూ పక్కవాడి బ్రాంచ్ బిల్డూ ఒకేసారి నడిచిన రోజున ఒకటి పడిపోతుంది. నిన్నటి టెస్ట్ మధ్యలో ఆగిపోయి, దాని సర్వర్ చావకుండా మెషీన్‌లో మిగిలిపోయినా పడిపోతుంది. అన్నీ శుభ్రంగా మూసేసినా, పాత కనెక్షన్లు టైమ్ వెయిట్ అనే దశలో లైనక్స్ మీద 60 సెకన్లు ఉంటాయి. సర్వర్ రాసినవాళ్లు రీయూజ్ అడ్రస్ ఆప్షన్ పెట్టకపోతే ఆ నిమిషంలో అదే పోర్ట్ మళ్లీ దొరకదు. మళ్లీ రన్ కొడితే పచ్చబడిందంటే కొన్నిసార్లు కారణం ఇదే: బటన్ నొక్కి, టీ తాగి వచ్చేలోగా ఆ నిమిషం గడిచిపోయింది.

"ఎవరూ వాడని పెద్ద నంబరు పెడదాం" అనేవాళ్లు కూడా ఉంటారు. జీఆర్‌పీసీ ఉదాహరణల్లో కనిపించే 50051ని చూసి అలాంటిదే ఒకటి ఎంచుకుంటారు. లైనక్స్ బయటికి వెళ్లే కనెక్షన్లకు తాత్కాలికంగా ఇచ్చే పోర్ట్‌లు మామూలుగా 32768 నుంచి 60999 మధ్యలో ఉంటాయి. 50051 సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. అదే మెషీన్ మీద ఏదో ప్రోగ్రామ్ ఇంకెక్కడికో ఫోన్ చేసినట్టు కనెక్ట్ అయితే కెర్నల్ దానికి ఆ నంబరే ఇవ్వొచ్చు. మీ సర్వర్‌కు దొరకదు. నెలకోసారి మాత్రమే కనబడి, ఎవరికీ అంతుపట్టని ఫెయిల్యూర్లకు ఇది మంచి పుట్టిల్లు.

ఇంకాస్త తెలివైన దారి ఇంకోటుంది. టెస్ట్ కోడే ముందు ఒక ఖాళీ పోర్ట్ వెతుకుతుంది, దాన్ని వదిలేస్తుంది, ఆ నంబరును సర్వర్‌కు ఇచ్చి "ఇక్కడ లేవు" అంటుంది. సెలీనియం జావా లైబ్రరీలో పోర్ట్‌ప్రోబర్ అనే క్లాస్ చేసే పని ఇలాంటిదే. చాలాసార్లు నడుస్తుంది. కానీ మీరు వదిలిన క్షణానికీ సర్వర్ పట్టుకున్న క్షణానికీ మధ్య సందు ఉంది. ఒకేసారి ఎనిమిది టెస్టులు నడిచే మెషీన్‌లో ఆ సందులోకి ఇంకొకరు దూరడానికి ఎక్కువ కాలం పట్టదు.

సున్నా అనే జవాబు

సర్వర్‌ను పోర్ట్ 0 మీద లేపండి. సున్నా అంటే "ఖాళీగా ఉన్నది ఏదైనా నువ్వే ఇవ్వు" అని కెర్నల్‌ను కోరడం. కెర్నల్ ఖాళీ పోర్ట్‌ను ఎంచి, అదే అడుగులో సర్వర్‌కు కట్టబెడుతుంది. మధ్యలో సందు లేదు. ఎంత దొరికిందో సర్వర్ తన సాకెట్‌ను అడిగితే తెలుస్తుంది. గెట్ సాక్ నేమ్ అనే సిస్టమ్ కాల్ ఉన్నది అందుకే.

ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. సర్వర్‌కు తెలిసింది, మీ టెస్ట్‌కు తెలియదు. రెండూ వేర్వేరు ప్రాసెస్‌లు. సర్వర్ నోరు తెరిచి చెప్పే చోటు చాలావరకు దాని లాగే. కాబట్టి లాగ్ చదివి నంబరు తీసుకోవడం నామోషీ పని అనుకోకండి. బ్రౌజర్ టెస్టుల్లో వాడే పపెటీర్ అదే చేస్తుంది. క్రోమ్‌ను రిమోట్ డీబగ్గింగ్ పోర్ట్ 0తో లేపితే, అది ఎర్రర్ స్ట్రీమ్‌లో "డెవ్‌టూల్స్ లిజనింగ్ ఆన్" అని మొదలుపెట్టి, ఆ వెంట పోర్ట్‌తో సహా పూర్తి చిరునామా ఒక లైన్‌లో అచ్చువేస్తుంది. పపెటీర్ ఆ లైన్ కోసం కాచుకుని ఉండి, చిరునామా పట్టుకుని కనెక్ట్ అవుతుంది. పని చిన్నదే, దాన్ని శ్రద్ధగా చేశారు.

ఏ అంకె లెక్కలోకి వస్తుంది

లాగ్ చదవడంలో మొదటి తప్పు నాలుగైదు అంకెలు వరుసగా ఎక్కడ కనబడితే అక్కడ పట్టేసుకునే రెగెక్స్. లాగ్ లైన్ మొదట్లోనే 2025 అనో 2026 అనో సంవత్సరం ఉంటుంది. దానివెంట ప్రాసెస్ ఐడీ ఉంటుంది, మిల్లీసెకన్లు ఉంటాయి, లేవడానికి ఎంత సమయం పట్టిందో ఉంటుంది. అన్నీ పోర్ట్ నంబర్లలాగే కనబడతాయి.

బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం చూసినవాళ్లకు ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది. 1994లో 450 రూపాయలకు పోయిన ఆ లడ్డూ 2024లో 30 లక్షల 1 వెయ్యి, 2025లో 35 లక్షలు పలికింది. నిమజ్జనం నాడు పొద్దున ఊరి బొడ్రాయి దగ్గర నిలబడితే చెవిన పడే అంకెలకు లెక్కుండదు. పోయినేడు ఎంతకు పోయిందో చెప్పుకుంటారు, పాటగాళ్లు ఒకరి మీద ఒకరు పెంచుతారు, పక్కనున్నవాళ్లు ఈసారి ఎంత దాటుతుందో పందేలాడతారు. ఇన్నింటిలో లెక్కలోకి వచ్చేది "మూడోసారి" అన్న మాటతో పాట ముగిసిన అంకె ఒక్కటే. మీ పార్సర్ కూడా ఆ మాట కోసం వినాలి. అంకెకు ముందు వచ్చే మాటలను పట్టుకోవాలి, ఆ తర్వాతే అంకెను.

స్ప్రింగ్ బూట్ దీనికి మంచి పరీక్ష పెడుతుంది. సర్వర్ పోర్ట్ 0 అని పెట్టి లేపితే, మొదట "టామ్‌క్యాట్ ఇనిషియలైజ్డ్ విత్ పోర్ట్ 0" అని ఒక లైన్ వస్తుంది. కాసేపటికి "టామ్‌క్యాట్ స్టార్టెడ్ ఆన్ పోర్ట్" అంటూ అసలు నంబరుతో ఇంకో లైన్ వస్తుంది. "టామ్‌క్యాట్", "పోర్ట్" అనే రెండు మాటలు చూసి ఊరుకున్న రెగెక్స్ మొదటి లైన్ దగ్గరే ఆగి, మీకు సున్నా అందిస్తుంది. "స్టార్టెడ్ ఆన్" అన్నది ఇక్కడ పాట ముగిసిన మాట.

దీనికో ఉపకథ కూడా ఉంది. 3.2 వెర్షన్‌కు ముందు ఆ లైన్‌లో పోర్ట్ అన్న మాట పక్కన బ్రాకెట్లలో బహువచనపు ఎస్, దాని తర్వాత కోలన్ ఉండేవి. 2023 నవంబరులో వచ్చిన 3.2లో ఆ రెండూ పోయి, పోర్ట్ అన్న మాట పక్కనే నంబరు వచ్చి కూర్చుంది. చదివే మనిషికి అది చక్కటి సవరణ. ఆ బ్రాకెట్‌నూ కోలన్‌నూ అక్షరం పొల్లుపోకుండా రెగెక్స్‌లో పెట్టుకున్నవాళ్ల టెస్టులు వెర్షన్ మార్చగానే కూలబడతాయి. అలా మార్చినందుకు స్ప్రింగ్ వాళ్లను తప్పుపట్టలేం. ఆ లైన్ మారదని వాళ్లు ఎవరికీ మాటివ్వలేదు. మాటివ్వని లైన్ మీద ఆధారపడుతున్నప్పుడు రెగెక్స్‌ను కొంచెం ఉదారంగా రాయాలి: స్టార్టెడ్ ఆన్ అన్న మాటలను గట్టిగా పట్టుకోండి, నంబరు దాకా మధ్యలో ఉండే విరామ చిహ్నాలను చూసీచూడనట్టు వదిలేయండి. అలాగే ఆ లైబ్రరీ వెర్షన్‌ను తాళం వేసి ఉంచి, మీరు మార్చాలనుకున్న రోజే మార్చండి.

మిగిలిన చిక్కులు త్వరగా చెప్పేస్తాను. లాగ్‌కు రంగులేస్తే ప్రతి ముక్క ముందూ కనబడని ఎస్కేప్ అక్షరాలు వస్తాయి, వాటిలో 32, 36 లాంటి అంకెలు ఉంటాయి. టెస్ట్‌లో రంగులు ఆపేయండి. చిరునామా ఐపీవీ6లో అచ్చయితే స్క్వేర్ బ్రాకెట్ల లోపలే కోలన్లు ఉంటాయి, కాబట్టి కోలన్ దగ్గర ముక్కలు చేసి రెండోదాన్ని తీసుకునే కోడ్ పనికిరాదు. చివరి కోలన్ తర్వాతదే తీసుకోండి. తీసిన నంబరు 1 నుంచి 65535 లోపు ఉందా అని ఒక్కసారి చూడండి. ఇది ఒక్క లైన్ కోడ్, సున్నా పట్టుకున్న పొరపాటును అక్కడికక్కడే దొరకబుచ్చుతుంది.

చెప్పింది, మీకు వినబడలేదు

రెగెక్స్ సరిగ్గా ఉంది. చేత్తో నడిపితే టెర్మినల్‌లో లైన్ కళ్లముందే వస్తోంది. టెస్ట్ నుంచి నడిపితే మాత్రం ఎంతసేపు చూసినా రాదు, టైమ్‌అవుట్ అవుతుంది. ఇక్కడ చాలామంది సర్వర్‌ను అనుమానిస్తారు, టైమ్‌అవుట్‌ను ముప్పై నుంచి అరవైకి, అరవై నుంచి నూటఇరవైకి పెంచుతారు. ఎంత పెంచినా లాభం ఉండదు.

జరిగేది ఇది. ప్రోగ్రామ్ తన అవుట్‌పుట్ టెర్మినల్‌కు వెళ్తోందని తెలిస్తే లైన్ లైన్‌కూ బయటికి పంపుతుంది. పైప్‌కు వెళ్తోందని తెలిస్తే మాత్రం బఫర్‌లో పోగేసి, అది నిండాకే పంపుతుంది. సీ లైబ్రరీలోనూ పైథాన్‌లోనూ ఇది పుట్టుకతో వచ్చిన గుణం. బఫర్ సైజు నాలుగు వేల బైట్లో ఎనిమిది వేల బైట్లో ఉంటుంది. సర్వర్ లేచాక అచ్చేసిన ఒక్క చిన్న లైన్‌తో అది నిండదు. కాబట్టి ఆ లైన్ సర్వర్ కడుపులోనే ఉండిపోతుంది. సర్వర్ మొదటి రిక్వెస్ట్ కోసం ఎదురుచూస్తుంది, మీ టెస్ట్ పోర్ట్ నంబరు కోసం ఎదురుచూస్తుంది, రెండూ అలాగే కూర్చుంటాయి.

పైథాన్ సర్వర్ అయితే అన్‌బఫర్డ్ మోడ్‌లో నడపండి, లేదా ఆ లైన్ ప్రింట్ చేసే చోట ఫ్లష్ చేయమని చెప్పండి. గో భాషలో స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు బఫర్ లేదు. జావాలో లాగ్‌బ్యాక్ కన్సోల్ అపెండర్ మామూలుగా ప్రతి లైన్‌నూ వెంటనే ఫ్లష్ చేస్తుంది. అందుకే ఈ బాధ జావా టీమ్ నుంచి పైథాన్ టీమ్‌కు మారినవాళ్లకు కొత్తగా అనిపిస్తుంది.

దీనికి అవతలి పక్క ఇంకో ఉచ్చు ఉంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ పట్టింపు ఉన్నది దీనిమీదే, ఎందుకంటే దీని లక్షణం ఒకచోట, కారణం ఇంకోచోట ఉంటాయి. మీరు పోర్ట్ నంబరు పట్టుకున్నారు. పనైపోయింది కదా అని సర్వర్ అవుట్‌పుట్ చదవడం ఆపేశారు. టెస్టులు మొదలయ్యాయి. సర్వర్ ప్రతి రిక్వెస్ట్‌కూ ఒకటో రెండో లైన్లు లాగ్ రాస్తూనే ఉంది. అవి పైప్‌లో చేరుతున్నాయి, తీసేవాడు లేడు. లైనక్స్ పైప్ మామూలుగా 65,536 బైట్లు పడుతుంది. అది నిండగానే సర్వర్ తరువాతి లైన్ రాయబోయి అక్కడే ఆగిపోతుంది. రిక్వెస్ట్‌కు జవాబు ఇవ్వదు, ఎర్రర్ ఇవ్వదు, చావదు.

బయటినుంచి చూస్తే ఇది ఎలా కనబడుతుందో ఊహించండి. మొదటి వంద టెస్టులు చకచకా పాసవుతాయి. నూట ముప్పయ్యో నూట నలభయ్యో టెస్ట్ దగ్గర వేలాడుతుంది. ఆ టెస్ట్‌ను విడిగా నడిపితే పాసవుతుంది. టెస్టుల వరుస మారిస్తే ఇంకో టెస్ట్ దగ్గర వేలాడుతుంది. లాగ్ లెవల్‌ను డీబగ్‌కు పెంచి కారణం వెతుకుదామంటే ఇంకా ముందే వేలాడుతుంది, పైప్ ఇంకా త్వరగా నిండుతుంది కాబట్టి. ఎవరో ఒకరు "డేటాబేస్ లాక్ అయి ఉంటుంది" అంటారు, టీమ్ రెండు రోజులు డేటాబేస్ వైపు పరుగెడుతుంది. అసలు కారణం మాత్రం సెటప్ కోడ్‌లో, పోర్ట్ దొరకగానే లూప్ నుంచి బయటికొచ్చేసిన ఒక్క బ్రేక్.

నంబరు దొరికాక కూడా చదువుతూనే ఉండాలి. ఒక త్రెడ్‌ను ఆ పనికే కేటాయించండి. వచ్చిన ప్రతి లైన్‌నూ అది ఒక ఫైల్‌లో రాయాలి. స్టాండర్డ్ అవుట్‌పుట్, ఎర్రర్ స్ట్రీమ్ రెండూ వేర్వేరు పైప్‌లైతే రెండింటినీ చదవాలి, లేదా మొదట్లోనే రెండింటినీ ఒకే పైప్‌లో కలిపేయాలి. ఇంకా తేలికైన పద్ధతి, సర్వర్ అవుట్‌పుట్‌ను నేరుగా ఫైల్‌కు మళ్లించి, టెస్ట్ ఆ ఫైల్‌ను చదవడం. ఫైల్‌కు పైప్‌లా నిండిపోయే బాధ లేదు. బఫర్ సంగతి మాత్రం అక్కడా ఉంటుంది, మరిచిపోకండి.

ఎంతసేపు ఎదురుచూడాలి

సర్వర్ లేపి పది సెకన్లు స్లీప్ పెట్టే కోడ్ మన ఆఫీసుల్లో కోకొల్లలు. మెషీన్ ఖాళీగా ఉన్న రోజు తొమ్మిది సెకన్లు వృథా, బిజీగా ఉన్న రోజు ఆ పదీ చాలవు. లైన్ వచ్చిన క్షణమే ముందుకు కదలండి. రాకపోతే ఆగడానికి ఒక గడువు పెట్టండి.

గడువు ఒక్కటే సరిపోదు. సర్వర్ లేవకుండానే చచ్చిపోవచ్చు. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఒక అక్షరం తప్పుంటే అర సెకనులో చచ్చిపోతుంది. మీ టెస్ట్ ఆ సంగతి గమనించకుండా అరవై సెకన్లు శూన్యంలోకి చూస్తూ కూర్చుని, చివరికి "టైమ్‌అవుట్" అని చెబితే, దాన్ని చదివే మనిషికి చేసింది సాయమా? పైప్ మూసుకుపోయిందా, ప్రాసెస్ ముగిసిందా అని కూడా చూస్తూ ఉండాలి. ముగిస్తే వెంటనే ఆగి, ఎగ్జిట్ కోడ్ ఎంతో, సర్వర్ చివరగా రాసిన యాభై లైన్లు ఏమిటో చూపించాలి. మీరు ఎదురుచూసిన మాటలు ఏవో కూడా అందులో రాయండి. "స్టార్టెడ్ ఆన్ పోర్ట్ అన్న లైన్ కోసం చూశాను, రాలేదు, సర్వర్ కోడ్ 1తో ముగిసింది, చివరి లైన్లు ఇవి" అని చెప్పే టెస్ట్ రాత్రి పదకొండింటికి ఆన్‌కాల్‌లో ఉన్న మనిషిని నిద్రపోనిస్తుంది.

నంబరు రావడం, సర్వర్ పూర్తిగా సిద్ధం కావడం ఒకటేనా అన్నది ఆయా సర్వర్‌ను బట్టి ఉంటుంది. లిజన్ మొదలయ్యాక అచ్చేసిన లైనైతే కనెక్షన్ తిరస్కారం రాదు. కెర్నల్ క్యూలో నిలబెడుతుంది. కానీ వెనకాల డేటాబేస్ మైగ్రేషన్ ఇంకా నడుస్తుండొచ్చు. లాగ్‌ను చిరునామా కోసం వాడండి, సిద్ధమైందా అన్నది హెల్త్ ఎండ్‌పాయింట్‌ను అడగండి.

డాకర్‌లో నడిపేవాళ్లకు ఒక్క హెచ్చరిక. కంటైనర్ లోపలి సర్వర్ లాగ్‌లో 8080 అని రాస్తే అది కంటైనర్ లోపలి మాట. బయట మీ మెషీన్ మీద అది ఏ పోర్ట్‌కు కలిసిందో ఆ సర్వర్‌కే తెలియదు. అక్కడ లాగ్ చదవడం దండగ. డాకర్ పోర్ట్ కమాండ్‌ను అడగాలి, టెస్ట్‌కంటైనర్స్ వాడితే మ్యాప్డ్ పోర్ట్ ఇచ్చే మెథడ్‌ను అడగాలి. సూత్రం మాత్రం మారలేదు: ఎవరికి తెలుసో వాళ్లనే అడగండి.

అడగడం నేర్చుకోండి

ఇంతా చెప్పాక అసలు మాటకు వస్తాను. లాగ్‌ను పార్స్ చేయడం, సర్వర్ కోడ్ మీ చేతిలో లేనప్పుడు చేయాల్సిన పని. సర్వర్ రాసేది మీ పక్క టీమే అయితే అంతకన్నా మంచి దారులు ఉన్నాయి, వాటిని అడిగి తెచ్చుకోవాలి. తెలివైన కొత్త ఇంజినీర్లు చాలామంది ఇక్కడే వెనకడుగు వేస్తారు. డెవలపర్‌ను అడగడం చిన్నతనమనుకుని, మూడు రోజులు కూర్చుని నలభై అక్షరాల రెగెక్స్ చెక్కుతారు. అవతల డెవలపర్‌కు అది పది నిమిషాల పని.

క్రోమ్ ఇక్కడ కూడా దారి చూపిస్తుంది. లాగ్ లైన్‌తోపాటు అది తన యూజర్ డేటా ఫోల్డర్‌లో డెవ్‌టూల్స్ యాక్టివ్ పోర్ట్ అనే పేరుతో చిన్న ఫైల్ రాస్తుంది. మొదటి లైన్‌లో పోర్ట్ ఉంటుంది, రెండో లైన్‌లో మిగతా దారి. రంగుల్లేవు, తేదీల్లేవు, వెతకాల్సింది లేదు. స్ప్రింగ్ బూట్‌లో కూడా పోర్ట్‌ను ఫైల్‌లో రాసే వెబ్ సర్వర్ పోర్ట్ ఫైల్ రైటర్ అనే క్లాస్ ఉంది, లిజనర్‌గా చేరిస్తే చాలు. మీ సర్వర్‌లో అలాంటిది రాయించేటప్పుడు ఒక్క జాగ్రత్త చెప్పండి: ముందు వేరే పేరుతో పూర్తిగా రాసి, ఆ తర్వాత అసలు పేరుకు మార్చాలి. లేకపోతే సగం రాసిన ఫైల్‌ను మీ టెస్ట్ చదివి, 51234కు బదులు 512 అనుకోవచ్చు.

సర్వర్, టెస్ట్ ఒకే ప్రాసెస్‌లో నడిచే వీలుంటే ఫైల్ కూడా అక్కర్లేదు. స్ప్రింగ్‌లో లోకల్ సర్వర్ పోర్ట్ అనే ఆనోటేషన్, నోడ్‌లో సర్వర్ అడ్రస్ మెథడ్, గోలో హెచ్‌టీటీపీ టెస్ట్ ప్యాకేజీ నేరుగా నంబరు చేతికిస్తాయి. ఇంకో దారిలో టెస్టే సాకెట్‌ను తెరిచి, పోర్ట్ తెలుసుకుని, తెరిచిన సాకెట్‌నే పిల్ల ప్రాసెస్‌కు వారసత్వంగా ఇస్తుంది. సిస్టమ్‌డీ తన సేవలకు 3వ డిస్క్రిప్టర్ నుంచి మొదలుపెట్టి సాకెట్లు అందించేది ఈ పద్ధతిలోనే. ఇందులో సర్వర్ చెప్పాల్సింది ఏమీ ఉండదు, మీకు ముందే తెలుసు.

అడిగే తీరు కూడా ముఖ్యమే. మన వైపు ఆఫీసుల్లో ఆ మాట ఇలా నడవొచ్చు:

"అన్నా, నీ సర్వీస్ లేచినంక పోర్ట్ నంబర్‌ను ఒక ఫైల్‌ల రాస్తవా? ఫైల్ పేరు నేనే ఆర్గ్యుమెంట్‌ల ఇస్త."

"లాగ్‌ల వస్తది కద తమ్మీ, అండ్ల చూస్కో."

"చూస్తున్న అన్నా. ఆ లైన్ నువ్వు మనుషులు చదివేతందుకు రాసినవ్. రేపు మంచిగ కనవడాలని మాటలు మారుస్తవ్, మార్చాలె గూడ. అప్పుడు నా టెస్టులు వడిపోతయ్, బిల్డ్ ఆగిందని ఇద్దర్ని పిలుస్తరు. ఫైల్ ఉంటే నీ లాగ్ నీ ఇష్టం."

"సరే, ఏ ఫార్మాట్‌ల గావాలె?"

ఇందులో గమనించాల్సింది, తమ్ముడు తన కష్టం చెప్పుకోలేదు. అవతలివాడికి దక్కే స్వేచ్ఛ చెప్పాడు. ఫైల్ పేరు తానే ఇస్తానని ముందే అన్నాడు. కాబట్టి ఒకే మెషీన్‌లో రెండు సర్వర్లు నడిచినా ఒకదాని ఫైల్‌ను ఇంకొకటి చెరపదు. ఏం కావాలో స్పష్టంగా తెలుసుకుని వెళ్లినవాడికి "కుదరదు" అని చెప్పడం ఎవరికైనా కష్టం.

ఒకవేళ కుదరదనే అన్నారనుకోండి. అప్పుడు కనీసం ఆ లాగ్ లైన్‌నైనా ఒప్పందంగా మార్చండి. సర్వర్ కోడ్‌లో ఆ లైన్ రాసే చోట "దీన్ని ఇంటిగ్రేషన్ టెస్టులు చదువుతాయి, మార్చేముందు చెప్పండి" అని ఒక కామెంట్ పెట్టించండి. వీలైతే ఆ లైన్ రూపాన్ని పరీక్షించే ఒక చిన్న యూనిట్ టెస్ట్ వాళ్ల రిపోలోనే ఉండేలా చూడండి. లైన్ మార్చినవాడికి ఆ మార్పు సంగతి తన మెషీన్ మీదే, తన బిల్డ్‌లోనే తెలియాలి.

ఈ రాత్రి చేసి చూడండి

ఇదంతా చదివితే సగమే వస్తుంది. ల్యాప్‌టాప్‌లో పైథాన్ ఉంటే చాలు. దాంతోపాటు వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్ మాడ్యూల్‌ను పోర్ట్ 0తో నడపండి. "సర్వింగ్ హెచ్‌టీటీపీ ఆన్" అంటూ కెర్నల్ ఇచ్చిన నంబరు తెరమీద కనబడుతుంది. ఆపి, మళ్లీ నడిపి చూడండి. ఎంత వస్తుందో ముందే చెప్పలేరు. ఇప్పుడు అదే కమాండ్ అవుట్‌పుట్‌ను పైప్ ద్వారా క్యాట్‌కు పంపండి. లైన్ మాయమవుతుంది, సర్వర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అన్‌బఫర్డ్ మోడ్ పెట్టి నడపండి, తిరిగి వస్తుంది. బఫర్ గురించి పైన నేను రాసిన పేరాలన్నీ ఈ రెండు కమాండ్లలో ఉన్నాయి.

ఆ తర్వాత దీన్ని లేపే చిన్న ఫంక్షన్ ఒకటి రాయండి. అది సర్వర్‌ను లేపాలి, లైన్ కోసం గడువుతో కాచుకోవాలి, నంబరు తీసి సరిచూడాలి, వెనకాల చదువుతూనే ఉండాలి, పనైపోయాక సర్వర్‌ను దించాలి. ఇరవై సర్వర్లను ఒకేసారి ఈ ఫంక్షన్‌తో లేపండి. ఇరవై వేర్వేరు నంబర్లు రావాలి, ఒక్కటీ పడిపోకూడదు. ఇప్పుడు ఒక సర్వర్‌కు వెనకాల చదివే త్రెడ్‌ను తీసేసి, అవుట్‌పుట్, ఎర్రర్ రెండూ ఒకే పైప్‌లో కలిపి, లూప్‌లో వేలకొద్దీ రిక్వెస్టులు పంపండి. ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఏ రిక్వెస్ట్ దగ్గర ఆగిందో రాసుకుని, ఒక్కో లైన్ పొడవుతో 65,536ను భాగించి చూడండి.

చివరగా మాడ్యూల్ పేరులో ఒక అక్షరం కావాలనే తప్పు రాయండి, సర్వర్ లేవకుండానే చచ్చిపోతుంది. మీ ఫంక్షన్ ఆ సంగతి ఎన్ని సెకన్లకు గమనించిందో, ఏ మాటల్లో చెప్పిందో చూడండి. ఆ మెసేజ్‌ను పైథాన్ అంతగా రాని పక్కగది స్నేహితుడికి చూపించి, ఎక్కడ తప్పుందో చెప్పమనండి. చెప్పలేకపోతే మెసేజ్‌ను తిరగరాయండి.